ఆకాశానికి వీపు పెట్టి

పోయిన ఆదివారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు మా ఇంటి మీదుగా ఒక హెలికాప్టర్ వెళ్ళింది. నేను వరండాలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. చప్పుడు వినగానే తలెత్తి అమ్మ కుర్చీ వైపు చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మ పోయి నలభై రోజులు దాటింది, ఆ సంగతి నేను మరిచిపోలేదు. కానీ విమానం చప్పుడు వినబడితే ఆకాశం వైపు కాకుండా అమ్మ ముఖం వైపు చూడటం నాకు నాన్న నుంచి వచ్చిన అలవాటు. ఆయన పని అలాంటిది. ఆ హెలికాప్టర్ ఎటు నుంచి వచ్చిందో, ఎటు పోయిందో నేను చూడలేదు. చప్పుడు పూర్తిగా తగ్గాక మళ్ళీ చాట ముందుకు లాక్కున్నాను.

మర్నాడు అమ్మ రేకుపెట్టె తెరిచాను. ఇన్నాళ్ళూ తెరవకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. తెరిస్తే సర్దాలి, సర్దితే ఎవరికైనా ఇచ్చెయ్యాలి. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన వచ్చింది. పైన రెండు నేతచీరలు, వాటి కింద నాన్న మఫ్లరు. మఫ్లరులో చుట్టి పురికొసతో కట్టిన అట్టముక్కల కట్ట ఒకటి. అరచేతి కంటే కాస్త పెద్ద ముక్కలు, చొక్కాల డబ్బాల నుంచి కత్తిరించినవి. వాటి మీద నాన్న చేతిరాత. అక్షరాలు తెలుగువే కానీ భాష తెలుగు కాదు. ఒకవైపు బెంగాలీ, రెండోవైపు హిందీ. మొదటి అట్ట మీద "ఆప్నారా దోడిర్ ఎపారే థాకున్" అని ఉంది. మీరంతా తాడుకి ఇవతలే ఉండండి అని దాని అర్థం. నేను తెలుగు అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నది ఈ అట్టల మీదే. బడిలో చదివింది బెంగాలీ, వీధిలో మాట్లాడింది హిందీ. అందువల్ల చాలాకాలం తెలుగు లిపిలో ఉండేదంతా బెంగాలీయేనని, కాకపోతే నాన్న దాన్ని గుండ్రంగా రాస్తాడని అనుకునేదాన్ని.

మా నాన్న అప్పలస్వామి ఈ బెంగాలీ ఊళ్ళో, ఓడలు ఆగే డాక్‌లో పేర్లు పిలిచే గుమాస్తా. శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు రాకముందే వచ్చాడు. మేం వాట్‌గంజ్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. ఆ వరుసలో ఎనిమిది ఇళ్ళూ తెలుగువాళ్ళవే, అన్ని ఇళ్ళ మగవాళ్ళూ డాక్‌లోనో, కార్పొరేషన్‌లోనో పనిచేసేవాళ్ళు. తెల్లవారి ఆరు గంటలకు షిఫ్టు మొదలయ్యే ముందు డాక్ గేటు దగ్గర ఒక చెక్కపెట్టె మీద నిలబడి, ఏ గ్యాంగులో ఎవరెవరు ఏ ఓడకి వెళ్ళాలో నాన్న పిలిచేవాడు. మైకు లేదు. క్రేన్ల మోతలో, ఓడల కూతలో ఆ చివర ఉన్నవాడికి కూడా వినపడాలి. అయితే ఆ పనికి గొంతు కంటే చూపు ముఖ్యమని ఆయన అనేవాడు. పేరు పిలవగానే ఎవడైనా పలుకుతాడు, జ్వరంతో వచ్చినవాడూ పలుకుతాడు, తాగి వచ్చినవాడూ పలుకుతాడు. వాణ్ణి అలాగే ఓడ అడుక్కి దింపితే సాయంత్రానికి మనిషి ఉండడు. అందుకని పిలిచేవాడు కాగితం మీద ఒక కన్ను, పలికినవాడి ముఖం మీద ఒక కన్ను ఉంచాలి. ముఖం బాగోకపోతే పేరు కొట్టేసి ఇంటికి పొమ్మనేవాడు. తిట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు.

దుర్గాపూజ రోజుల్లో మా వీధి పందిట్లో తప్పిపోయిన పిల్లల గురించి మైకులో చెప్పే పని కూడా ఆయనకే పడింది. నాలుగు భాషల్లో చెప్పగలడు కాబట్టి. ఒక ఏడాది ఆ పందిరి చూడటానికి వచ్చినవాళ్ళలో ఊరికి దక్షిణపు చివర ఉన్న ఒక ఫ్లయింగ్ క్లబ్బు సెక్రటరీ ఉన్నాడు. ఆ క్లబ్బువాళ్ళు ప్రతి చలికాలం ఒక ఆదివారం మైదానంలో విమానాల ప్రదర్శన పెట్టేవాళ్ళు. పల్టీలు కొట్టే చిన్న విమానాలు, పొగతో గీతలు గీసేవి, గొడుగుతో దూకే మనుషులు. చూడటానికి ఊరు ఊరంతా వచ్చేది. సెక్రటరీ నాన్నని పిలిపించుకుని పని చెప్పాడు. మొదటిమాటే ఇది: "అందరూ విమానం చూస్తారు, స్వామిబాబూ. చూడకుండా ఉండాల్సింది మీరొక్కరే." జనానికీ, విమానాలు దిగే పచ్చిక దారికీ మధ్య ఒక తాడు మాత్రం ఉండేది. పిల్లలు తాడు కింద నుంచి దూరి పరిగెత్తితే పైనున్నవాడికీ ప్రమాదం, కిందున్నవాడికీ ప్రమాదం. అందుకని అనౌన్సరు పైకి చూస్తూ నిలబడకూడదు. విమానాలకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి, తాడు మీద కన్ను వేసి మాట్లాడాలి. ఏదైనా విమానం కూలితే ఆయన కుడిచెయ్యి నిటారుగా ఎత్తాలి. ఆ చెయ్యి చూసి మైదానం చివర ఉన్న ఎర్ర ఫైరింజను బయలుదేరుతుంది. చెయ్యి ఎత్తుతూనే మొదటి అట్ట మీది మాట చదవాలి, గొంతు మారకుండా.

కాబట్టి మా నాన్న ఏళ్ళ తరబడి విమానాల ప్రదర్శనకు అనౌన్సరుగా ఉండి, విమానం పల్టీ కొట్టడం ఒక్కసారి కూడా చూడలేదు. బయటివాళ్ళు ఈ మాట నమ్మేవాళ్ళు కాదు. ఆయన చెప్పేది వింటే నమ్మడం కష్టమే. విమానం ఇప్పుడు నది వైపు తిరుగుతోంది అనేవాడు, సరిగ్గా అప్పుడే అది తిరిగేది. తలకిందులైంది అనేవాడు, అయ్యేది. అయిపోయినదే చెప్పాలి, కాబోయేది చెప్పకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. పైలట్ మనసు మార్చుకుంటే మన మాట అబద్ధమవుతుంది. ఇంకొక నియమం, బాగుందని తాను అనకూడదు. "సూసినోళ్ళు అనుకుంటారు. నాను సూళ్ళేదు కదా, నాకేటి తెలుసు" అనేవాడు. తర్వాతి రోజుల్లో నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడ రచయిత అద్భుతమని రాసినా, ఈయన చూశాడా అని నాకు అనుమానం వచ్చేది.

చూడకుండా ఎలా చెప్పేవాడంటే, అమ్మని చూసి చెప్పేవాడు. అమ్మ పేరు పైడమ్మ. ఇంట్లో ఆవిడ ముఖం చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. కూరలో ఉప్పు లేకపోయినా, ఇంట్లో బియ్యం లేకపోయినా ఒకటే ముఖం. మొదటి ఏడాది అనౌన్సరు ఇంటివాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను ఆవిడ ఒళ్ళో ఉన్నాను. విమానం లేచేసరికి ఆ ముఖం మొత్తం తెరుచుకుందట. గడ్డం విమానం వెంట తిరుగుతోంది, విమానం తలకిందులైతే కొంగు నోటికి పోతోంది, మీదికి దూసుకొస్తుంటే రెండు చేతులూ నా చెవుల మీదికి వస్తున్నాయి. ఎదురుగా బల్ల మీద నిలబడ్డ నాన్న అది చూశాడు. చెవులు మూసిందంటే మోత వచ్చేస్తోంది, మాట ఆపెయ్యాలి. చెవులు వదిలిందంటే మళ్ళీ అందుకోవచ్చు. పిడికిలి విప్పిందంటే విమానం నేలకి దిగింది. రెండో ఏడు నుంచి ఆ కుర్చీ మారకుండా చూసుకున్నాడు, నేల మీద సుద్దతో గుర్తు పెట్టించేవాడు. ఈ ఏర్పాటు గురించి ఇంట్లో ఎప్పుడూ పెద్దగా మాట్లాడుకోలేదు. ముందురోజు మాత్రం నాన్న ఒక మాట అనేవాడు. "రేపు మొకం దాసుకోకు. నవ్వొచ్చినా నవ్వకు. నువ్వు నవ్వితే నాకేటీ తెలీదు." అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా, "నాను నవ్వి ఎన్నాళ్ళయ్యిందో నీకు తెలుసేటి?" అనేది. నేనూ నాన్నా నవ్వేవాళ్ళం. ఆవిడ నవ్వేది కాదు.

ఆ ఆదివారానికి ముందు వారమంతా ఇంటి వాసనే వేరుగా ఉండేది. నాన్న గొంతు చెడకుండా చింతపండు, పెరుగు బంద్. మిరియాలూ వామూ వేసి కాచిన కషాయం బొగ్గుల పొయ్యి పక్కన గిన్నెలో ఎప్పుడూ వెచ్చగా ఉండేది. పక్కింటి ఎండు నెత్తళ్ళ వాసన ఆ వామువాసనతో కలిసి నా పుస్తకాలకి కూడా పట్టేది. చివరి రెండు రోజులూ, అమ్మతో ఆ ఒక్క మాట తప్ప, నాన్న ఇంట్లో మాట్లాడేవాడు కాదు. డాక్‌లో పేర్లు పిలిచి వచ్చి, ఇంట్లో చేతులతో సైగలు చేసేవాడు. ఆ రెండు రోజులూ అమ్మకి పండగ. ఆయనకి ఇష్టం లేని పనులన్నీ అప్పుడే చెప్పేది, అటక దులపమనీ, కుండీ కడగమనీ. కాదనడానికి ఆయనకి మాట లేదు. శనివారం నాడు నాన్న నల్లకోటు బయటికి తీసి ఎండలో వేసేవాళ్ళం. ఆదివారం పొద్దున్న అమ్మ దిబ్బరొట్టె కాల్చి గుడ్డలో మూటకట్టేది. ఆ మూట వేడి ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళడం, దిగగానే మైదానంలో కోసిన గడ్డి వాసన, కాలిన పెట్రోలు వాసన. చలికాలం అంటే నాకు ఇప్పటికీ అవే.

ఇక్కడ మా వరుస ఇళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. మా వాటాల వెనక గోడ దాటితే డాకే. పగలంతా క్రేన్ల మోత వినబడుతూనే ఉండేది. అది వినబడుతున్నంతసేపూ ఎవరూ దాన్ని పట్టించుకోరు. భోజనాల వేళ కాకుండా, షిఫ్టు మారే వేళ కాకుండా, మధ్యలో ఉన్నట్టుండి అది ఆగిపోతే, లోపల ఎవరో పడ్డారని అర్థం. అప్పుడు ఎనిమిది ఇళ్ళలోనూ ఆడవాళ్ళు చేస్తున్న పని ఆపి, జాకెట్టులోంచి పుస్తెలు బయటికి తీసి కళ్ళకద్దుకునేవాళ్ళు. వాటిని అలా పట్టుకునే గుమ్మం వైపు చూస్తూ నిలబడేవాళ్ళు. మళ్ళీ మోత మొదలైతే పుస్తెలు లోపల వేసుకుని పనిలో పడేవాళ్ళు. దాని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళు కూడా కాదు. మగవాళ్ళకి కూడా ఆ సంగతి తెలుసు. ఆ చెయ్యి అలా మెడలోకి వెళ్ళిందంటే ఎక్కడో ఒక మనిషి పడ్డాడని నాన్నకి తెలుసు.

నాకు పన్నెండేళ్ళున్నప్పటి ప్రదర్శన అది. చెవులు మూయించుకునే వయసు దాటింది, సిగ్గుగా ఉండేది, అయినా ఆ రెండు చేతులూ లేకపోతే నాన్నకి పని జరగదని అమ్మ మోకాళ్ళ ముందు నేల మీద కూర్చున్నాను. క్లబ్బులో అందరికంటే పెద్దవాడు కెప్టెన్ సాన్యాల్. నెరిసిన జుట్టు, పొట్టి మనిషి, ఎప్పుడూ ఆయన విన్యాసంతోనే ప్రదర్శన ముగిసేది. ఆ రోజు ఆయన కొత్తది ఒకటి చేయాలనుకున్నాడు. బాగా ఎత్తుకి వెళ్ళి, ఇంజను ఆపేసి, చప్పుడు లేకుండా గాలి మీద తేలుతూ వచ్చి నేలకి దిగడం. బయలుదేరే ముందు సెక్రటరీకి చెప్పాడు. సెక్రటరీ చీటీ మీద రాసి పంపించాడు. ఆ చీటీ నాన్న దాకా రాలేదు. టీ గ్లాసు కింద దొరికిందని తర్వాత తెలిసింది.

ఇంజను ఆగింది. అంతమంది ఉన్న మైదానంలో ఒక్కసారిగా చప్పుడు లేకుండా పోయింది. జనం అది ఆటలో భాగమే అనుకున్నారు, చప్పట్లు మొదలయ్యాయి. నా చెవుల మీద ఉన్న చేతులు లేచిపోయాయి. తల తిప్పి చూశాను. అమ్మ పుస్తెలు బయటికి తీసి రెండు చేతులతో కళ్ళకద్దుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుంది. ఎదురుగా నాన్న ముఖం చూశాను. ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగితే జనమంతా భయపడి లేస్తారని ఆయనకి చెప్పారు. కుడిచెయ్యి నిటారుగా ఎత్తి, మొదటి అట్ట మీది మాట చదివాడు. మీరంతా తాడుకి ఇవతలే ఉండండి. బెంగాలీలో, హిందీలో, చివర తెలుగులో కూడా. తెలుగు మాట ఎందుకు కలిపాడో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ కోసమే అయ్యుంటుంది.

ఎర్ర ఫైరింజను కదిలింది. పచ్చిక దారి మధ్యకి వచ్చింది. సరిగ్గా ఆ దారి మీదే కెప్టెన్ దిగాలి. ఆయన విమానం ఇంజను ఆపేసి ఉంది, మళ్ళీ లేవడానికి వీల్లేదు. రెక్క వంచి పక్కకి జారి, కోయని గడ్డి మీద దించాడు. ఒక చక్రం కాలవలో పడి విరిగింది, రెక్క నేలకి తగిలి నలిగింది. కాసేపటికి ఆయన దిగి నడిచి వచ్చాడు. నుదురు మీద రక్తం. జనంలో ఒక్కరు కూడా తాడు దాటలేదు.

రేకుల షెడ్డులో నాన్నని నిలబెట్టి అడిగారు. నేనూ అమ్మా గుమ్మం బయట ఉన్నాం. ఎవరు చెబితే చెయ్యి ఎత్తావని సెక్రటరీ అడిగాడు. ఎవరూ చెప్పలేదు, ఇంజను చప్పుడు ఆగింది కాబట్టి పడిపోతోందనుకున్నాను, తప్పు నాదే అన్నాడు నాన్న. అమ్మని చూసి ఎత్తానని అనలేదు. వచ్చే ఏడాదికి వేరే మనిషిని చూసుకుంటామని వాళ్ళు అన్నారు. చీటీ నాన్నకి అందలేదని అప్పటికి ఎవరికీ తెలియదు, అందించాల్సినవాడు చెప్పలేదు. బస్సులో తిరిగి వస్తుంటే దిబ్బరొట్టె మూట విప్పకుండా నా ఒళ్ళోనే ఉంది. ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ నాన్న ఒక్క మాట అన్నాడు. "నువ్వు సూసిందే నాను సెప్పినాను. అందులో నీ తప్పేటీ నేదు." అమ్మ లోపలికి వెళ్ళి కషాయం గిన్నె తోమేసింది.

ఆ వారం రోజులూ నాన్న గొంతు పోయింది. జలుబూ కాదు, నొప్పీ కాదు. డాక్ గేటు దగ్గర పేర్లు పిలుస్తుంటే వెనకవాళ్ళకి వినబడటం లేదని పక్కింటి ఎర్రన్న మావయ్య వచ్చి అమ్మతో చెప్పాడు. ఏడాదికి ఒక్క ఆదివారం. ఆ పని పోతే ఇల్లు గడవకపోవడం ఏమీ లేదు. కానీ డాక్‌లో పేర్లు పిలిచే మనిషిని ఊరు ఊరంతా విన్నది ఆ ఒక్కరోజే. అది అమ్మకి తెలుసు. తన చెయ్యి మెడలోకి పోయినందుకే అది పోయిందనీ తెలుసు. తర్వాతి ఆదివారం పొద్దున్న దిబ్బరొట్టె కాల్చి, గుడ్డలో కట్టి, "గుంటా, గౌను మార్చుకో, బేగి రా" అంది. ఎక్కడికని అడిగితే, "ఆ కెప్టెన్ బాబు ఇంటికి. నాకు బంగ్లా రాదు కదా. నువ్వు సెప్పాలి" అంది. నాన్నతో సంతకని చెప్పింది. ఆవిడ ఆయనతో అబద్ధమాడటం నేను విన్నది అప్పుడొక్కసారే.

భవానీపూర్‌లో పాత మేడ. కెప్టెన్ నుదుటికి కట్టు కట్టుకుని వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. ఆయన భార్య కూరలు తరుగుతోంది. అమ్మ కూర్చోలేదు. చెప్పాల్సింది ముందే కూర్చుకుని వచ్చినట్టుంది, ఒక్క ఊపులో చెప్పేసింది. "ఆయన తప్పేటీ నేదు బాబూ. ఇంజను ఆగిపోనాది. నాను పుస్తెలు తీసి కళ్ళకద్దుకున్నాను. ఆయన నన్ను సూసినాడు. సూసి సెయ్యెత్తినాడు. తప్పు నాది." చెప్పి నా భుజం మీద చెయ్యి వేసింది. నేను బెంగాలీలో చెప్పడం మొదలుపెట్టి పుస్తెల దగ్గర ఆగిపోయాను. వాళ్ళలో పుస్తెలు లేవు, ఆ పని చేయడమూ లేదు. అమ్మని చూపించమంటే పరాయి మగవాడి ముందు తీయనంది. ఇక నా మెడలో ఉన్న నల్లతాడు నేనే బయటికి లాగి, కళ్ళకద్దుకుని చూపించాను. క్రేన్ల సంగతీ, మా ఎనిమిది ఇళ్ళ సంగతీ చెప్పాను. ఇదంతా ఏమిటని కెప్టెన్ ముఖం ముడుచుకునే ఉంది.

కూరలు తరుగుతున్న ఆవిడ కత్తిపీట పక్కకి నెట్టి లేచి వచ్చింది. ఆవిడ ఎడమ చేతికి తెల్లటి శంఖపు గాజు పక్కన బంగారం తొడిగిన ఇనుప గాజు ఒకటి ఉంది, అక్కడి ముత్తయిదువలు వేసుకునేది. దాన్ని రెండోచేత్తో పట్టుకుని అమ్మకి చూపించింది. "ఈయన పైకి వెళ్ళినప్పుడల్లా దిగేదాకా నేను దీన్ని ఇలా పట్టుకునే కూర్చుంటాను. పోయిన ఆదివారం కూడా ఇంట్లో అలాగే కూర్చున్నాను" అంది. కెప్టెన్ పేపరు మడిచి కింద పెట్టాడు. "నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు. "నువ్వెప్పుడూ అడగలేదే" అంది ఆవిడ, తిరిగి కత్తిపీట ముందు కూర్చుంటూ.

ఆయన నుదుటి కట్టు తడుముకున్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "బౌదీ, అంతమందిలో నేను పడిపోతానని భయపడింది మీరొక్కరే. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు" అన్నాడు. వదిన వరస పెట్టి పిలిచాడని అమ్మకి నేను చెప్పాను. దిబ్బరొట్టె విప్పి ప్లేటులో పెట్టమన్నాడు. మాడిన అంచు ముక్క తీసుకుని తిన్నాడు. ఆ అంచు నాన్నకి ఇష్టమని అమ్మ నాతో అంది, అది మాత్రం నేను ఆయనకి చెప్పలేదు.

చీటీ సంగతి బయటికి లాగింది కెప్టెనే. మరుసటి చలికాలం నాన్నకి మళ్ళీ కబురు వచ్చింది. దానితోపాటు కెప్టెన్ పెట్టిన షరతు ఒకటి వచ్చింది. ఆ రోజు పైన ఏమేం జరగబోతున్నాయో, ఏది చప్పుడుతో, ఏది చప్పుడు లేకుండా, అదంతా ముందుగా అమ్మకి చదివి వినిపించాలి. ఆవిడ అర్థమైందని తలూపాకే మొదటి ఇంజను స్టార్టు చేయాలి. అప్పటినుంచి ప్రతి ఏడూ ప్రదర్శన మొదలయ్యే ముందు సెక్రటరీ స్వయంగా ముందు వరసకి వచ్చి, అమ్మ కుర్చీ ముందు నిలబడి కాగితం చదివేవాడు. నేను తెలుగులో చెప్పేదాన్ని. అమ్మ మధ్యలో ఆపి, "మళ్ళీ సెప్పమను" అనేది. కోటు వేసుకున్న మనిషి మళ్ళీ మొదటి నుంచి చదివేవాడు. అవతల విమానాల దగ్గర పైలట్లు సిగరెట్లు ఆర్పేసి ఆవిడ తల వైపు చూస్తూ నిలబడేవాళ్ళు. ఒక ఏడాది గొడుగుతో దూకేవాడు మరీ చిన్నపిల్లాడిలా ఉన్నాడని అమ్మ తలూపలేదు. వాడి వయసెంతో చెప్పించుకుని, వాడు తిన్నాడో లేదో కనుక్కుని, అప్పుడు ఊపింది. ఆ ఆలస్యం ఎందుకయిందో మైకులో చెప్పాల్సి వచ్చింది నాన్నకి. ఉన్నదున్నట్టు చెప్పాడు. జనం ఆ రోజు దేనికీ కొట్టనన్ని చప్పట్లు దానికి కొట్టారు.

నాన్న గొంతు వయసుతో సన్నబడ్డాక మైకు ఇంకొకరికి ఇచ్చారు. ఆ ఏడు మమ్మల్ని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు, అమ్మ కుర్చీ పక్కనే నాన్నకి కుర్చీ. ఆయన మొదటిసారి విమానాలకి ఎదురుగా కూర్చున్నాడు. విమానం లేచింది, తలకిందులైంది, పొగతో గీత గీసింది. నేను పక్కకి తిరిగి చూస్తే ఆయన అమ్మ ముఖం వైపే చూస్తున్నాడు. అమ్మ కూడా గమనించింది. "నన్నేటి సూస్తావు, అటు సూడు" అంది. ఆయన బుద్ధిగా అటు తిరిగాడు. కాసేపటికి మళ్ళీ ఇటే తిరిగాడు. తర్వాత ఎలా ఉందని నేను అడిగితే, "బాగుంది" అన్నాడు. చూసి చెప్పాడు కాబట్టి నేను నమ్మాను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను బడిలో లైబ్రరీ పని చేసి రిటైరయ్యాను. అమ్మని తీసుకుని ఏక్‌బాల్‌పూర్‌లో ఈ ఇంటికి వచ్చాను. చివరి రోజుల్లో అమ్మకి చూపు దాదాపు పోయింది, అయినా విమానం చప్పుడు వినబడితే గడ్డం దాని వెంట తిరిగేది. వంటింట్లోంచే ఆ గడ్డం చూసి అది ఎటు పోతోందో చెప్పేదాన్ని. ఆవిడ మెడలో పుస్తెలు లేవు, పెద్ద చప్పుడేదైనా ఆగితే చెయ్యి మాత్రం మెడ దాకా వెళ్ళి అక్కడ ఊరికే ఆగేది. వాట్‌గంజ్‌లో మా వరుస ఇళ్ళు ఇంకా ఉన్నాయి, వేరేవాళ్ళు ఉంటున్నారు. వెనక గోడ అవతల ఇప్పుడు అంత మోత లేదు.

కిందటి చలికాలం పక్కింటివాళ్ళు రమ్మంటే నేను ఒక ప్రదర్శనకి వెళ్ళాను. అమ్మని అడిగితే, నువ్వు చూసొచ్చి చెప్పు అంది. అనౌన్సరు చిన్నవయసు అమ్మాయి. మంచి గొంతు, స్పష్టమైన బెంగాలీ. గాజు గదిలో కూర్చుని తెర మీద విమానాలని చూస్తూ చెబుతోంది. చెవికి ఫోను తగిలించి ఉంది, పైలట్ ఏం చేయబోతున్నాడో అతనే ఆమెకి చెబుతున్నాడు. ఏ చీటీ ఏ గ్లాసు కిందా ఉండిపోదు. తాడు బదులు ఇనుప కంచె వేశారు, ఏ పిల్లా దాని కింద నుంచి దూరలేదు. ఇది మంచి మార్పేనని నేను అనుకుంటున్నాను. అప్పటి పద్ధతిలో ఒక మనిషి ప్రాణం పోవలసింది, పోలేదు, అంతే. జనమంతా ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. వాళ్ళ ముఖాలు ఫోన్ల వెనక ఉన్నాయి. ఇంటికి వచ్చి అమ్మకి అంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, మొదలెట్టే ముందు ఎవరికి చదివి వినిపించారని ఒక్కటే అడిగింది. ఎవరికీ లేదన్నాను. తలూపింది.

అట్టల కట్టని మళ్ళీ మఫ్లరులోనే చుట్టి పెట్టెలో పెట్టాను. చీరలు రెండూ కిందింటి ఆవిడకి ఇచ్చాను. ఆకాశానికి వీపు పెట్టి, జనం ముఖాలు చూస్తూ మాట్లాడే మనిషిని ఇప్పుడు ఎక్కడా పెట్టడం లేదు.